కొత్త క్యామ్‌షాఫ్ట్ ఎందుకు అరిగింది? జవాబు ట్యాపెట్ అడుగున ఉంటుంది

పాత అంబాసిడర్ ఇంజన్ మొత్తం విప్పి బోరు చేయించారు. క్రాంక్ గ్రైండింగ్ అయింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అన్నీ కొత్తవి పడ్డాయి. బండి రోడ్డెక్కి వెయ్యి కిలోమీటర్లు తిరగకముందే బానెట్ కింద టక్ టక్ అని ఒక చప్పుడు మొదలైంది. ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్ గ్యాప్ సరిచేయడం, చేస్తే తగ్గింది. పది రోజులకు మళ్లీ వచ్చింది. మూడోసారి సెట్ చేసేసరికి పికప్ కూడా పడిపోయింది. ఎక్కుడు రోడ్డు మీద బండి ఈడ్చుకుంటూ పోతోంది. చివరికి విప్పి చూస్తే క్యామ్‌షాఫ్ట్ మీద ఒక లోబ్, అంటే వాల్వును లేపే ఉబ్బు, గుడ్డు ఆకారం పోయి దాదాపు గుండ్రంగా తయారై ఉంది.

ఇలాంటి సందర్భంలో షెడ్డులో రెండే తీర్పులు వినిపిస్తాయి. ఒకటి, ఆయిల్ మంచిది కాదు. రెండోది, పార్ట్ డూప్లికేట్. ఒక్కోసారి రెండూ నిజమే అవుతాయి. కానీ అరిగిన క్యామ్‌ను పక్కన పడేసి, ఇంకా ఖరీదైన ఆయిల్ పోసి, మరో క్యామ్ వేయడంతో పని ముగిస్తే అదీ పోయే ప్రమాదం ఉంది. ఎందుకు అరిగిందో చెప్పే సాక్ష్యం క్యామ్ మీద కంటే దాని మీద నడిచిన ట్యాపెట్ అడుగున ఎక్కువ ఉంటుంది. విప్పిన రోజునే చాలా షెడ్లలో ఎనిమిది ట్యాపెట్లూ ఒకే డబ్బాలో కిరోసిన్‌లో కలిసిపోతాయి. ఏది ఏ లోబ్ మీద తిరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు. కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి తెచ్చి, గుంటలకు 1 నుంచి 8 దాకా నంబర్లు రాసుకుంటే చాలు, సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే.

అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. కారే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కాబట్టి ఇంజన్ కూడా అక్కడిదే. అదే కుటుంబంలో పెద్దది, 1798 సీసీది, ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఉంటుంది. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. చివరి దశాబ్దాల్లో ఇసుజు ఇంజన్ వచ్చింది, దాని కథ వేరు. ఇక్కడ చెప్పేది పాత బి-సిరీస్ గురించి. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఒక పక్కన ఉంటుంది. దాని లోబ్ మీద గిన్నెలాంటి ట్యాపెట్ నిలబడుతుంది, అందులోంచి పుష్‌రాడ్ పైకి వెళ్లి రాకర్‌ను తోస్తుంది, రాకర్ వాల్వ్‌ను నొక్కుతుంది. ట్యాపెట్‌కు రోలర్ ఉండదు. ఇనుము మీద ఇనుము జారుతూనే పని జరగాలి.

జారడమే అయితే రోజుల్లో అరిగిపోవాలి కదా? పోకపోవడానికి కారణం ట్యాపెట్ తన చుట్టూ తాను తిరగడం. ఈ రకం ఇంజన్లలో లోబ్ మధ్యగీత, ట్యాపెట్ మధ్యగీత ఒకే చోట ఉండవు, కాస్త పక్కకు ఉంటాయి. చాలా డిజైన్లలో లోబ్‌ను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెంట్రుకవాసి వాలుగా సాన పడతారు. ట్యాపెట్ పేరుకు ఫ్లాట్ అయినా అడుగు నిజానికి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు కంటికి ఆనదు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. మెకానిక్కుల భాషలో రెండు మూడు థౌ. ఈ ఏర్పాటు వల్ల లోబ్ పైకి నెట్టిన ప్రతిసారీ ట్యాపెట్ కొంచెం తిరుగుతుంది. రాపిడి ఒకే గీత మీద పడకుండా అడుగంతా పరుచుకుంటుంది. తిరగడం ఆగిందా, వాల్వ్ స్ప్రింగ్ బలమంతా ఒకే సన్న గీత మీద, ఒకే చోట పడుతుంది. ఆ గీత దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు టన్నుల్లో ఉంటుంది. క్యామ్ పైపొర ఎంత గట్టిదైనా పలచనే. అది పోయాక కింద ఉన్న మెత్తటి ఇనుము కొవ్వొత్తిలా కరిగిపోతుంది.

విప్పకముందే అనుమానం పట్టుకునే దారులు ఉన్నాయి. వాటిలో ఒక మెలిక చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. సన్న రేకుల ఫీలర్ గేజ్‌తో వాల్వ్ గ్యాప్ (రాకర్‌కు, వాల్వుకు మధ్య సందు) చూసేది లోబ్ వెనక భాగం, అంటే గుండ్రటి భాగం, ట్యాపెట్ కింద ఉన్నప్పుడు. లోబ్ ముక్కు, అంటే పైకి పొడుచుకొచ్చిన మొన, ఎంత అరిగినా ఆ గ్యాప్‌లో తేడా కనిపించదు. గ్యాప్ పెరుగుతోందంటే ట్యాపెట్ అడుగు గుంట పడుతోందని, లేదా పుష్‌రాడ్ చివర, రాకర్ ఏదో అరుగుతోందని అర్థం. రాకర్ వాల్వును తాకే చోట గుంట పడితే దాని మీద ఫీలర్ గేజ్ రేకు వంతెనలా నిలబడి, అసలు గ్యాప్ కంటే తక్కువ చూపిస్తుంది. అది ఇంకో తలనొప్పి. కాబట్టి ‘సెట్టింగ్ కరెక్ట్‌గానే ఉంది, క్యామ్‌కు ఏం కాలేదు’ అనే మాటకు ఆధారం లేదు. ఇక గ్యాప్ పెరగకుండా తగ్గుతూ వస్తుంటే దారి పూర్తిగా వేరు. వాల్వ్ తన సీటులోకి దిగిపోతోందన్నమాట. దేశమంతటా సీసం లేని పెట్రోల్ 2000 ఫిబ్రవరి నుంచి వచ్చింది. గట్టి సీట్లు వేయించని పాత హెడ్లలో ఈ దిగుడు మామూలే.

చప్పుడు కంటే నమ్మకమైన గుర్తు కార్బురేటర్ దగ్గర దొరుకుతుంది. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే ఆ సిలిండర్‌లో కాలిన పొగ పూర్తిగా బయటికి పోదు. ఇన్‌లెట్ తెరుచుకోగానే మిగిలిన పొగ వెనక్కి తన్ని కార్బురేటర్‌లో ఫట్ ఫట్ మంటుంది. టైమింగ్ తప్పిందనుకుని డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పీ తిప్పీ విసిగిపోతారు. ఇన్‌లెట్ లోబ్ అరిగితే గాలే సరిగా లోపలికి రాదు, కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు అనుమానం రింగుల మీదికి పోతుంది. ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూసినా ఆ అంకె పెద్దగా లేవకపోతే రింగులను వదిలిపెట్టి క్యామ్ వైపు చూడాలి.

తేల్చి చెప్పేది సన్న కదలికలను కొలిచే డయల్ గేజ్. రాకర్ కవర్ తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, హెడ్ పోత ఇనుమే కాబట్టి అయస్కాంతం స్టాండును దాని మీదే నిలబెట్టి, గేజ్ సూదిని రాకర్‌కు పుష్‌రాడ్ వైపున్న స్క్రూ మీద ఆనించాలి. ఇంజన్‌ను చేత్తో నిదానంగా తిప్పాలి. స్టార్టింగ్ హ్యాండిల్ ఉన్న పాత మోడల్ అయితే ఇది హాయిగా జరిగే పని. సూది అతి కిందికి, అతి పైకి వెళ్లిన అంకెల మధ్య తేడా ఆ లోబ్ లిఫ్ట్. ఎనిమిదింటికీ ఇలాగే చూసి కాగితం మీద రాసుకోవాలి. పుస్తకంలో అంకె చేతిలో లేకపోయినా నష్టం లేదు. ఇన్‌లెట్‌ను ఇన్‌లెట్‌తో, ఎగ్జాస్ట్‌ను ఎగ్జాస్ట్‌తో పోల్చితే సరిపోతుంది. ఏడు లోబ్‌లు ఒకటి రెండు థౌ తేడాలో ఉండి ఒక్కటి ఇరవై థౌ తక్కువ ఉంటే ఇక వాదన అక్కర్లేదు. రాకర్ నిష్పత్తి 1.4 దరిదాపుల్లో ఉంటుంది. కింద 20 పోతే వాల్వ్ దగ్గర 28 పోయినట్టు.

తర్వాత ట్యాపెట్లు బయటికి తీయాలి. బి-సిరీస్‌లో ఉన్న మంచి సదుపాయం ఏమిటంటే బ్లాకు పక్కన, మానిఫోల్డ్ వెనక, రెండు రేకు మూతలు ఉంటాయి. పుష్‌రాడ్లు తీశాక ఆ మూతలు విప్పి ట్యాపెట్లను చేత్తో పైకి లాగొచ్చు. ఒక్క జాగ్రత్త ఉంది. రాకర్ స్టాండ్లను పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్‌ను పట్టి ఉంచేవి కూడా. నీళ్లు దించకుండా, హెడ్ నట్లన్నీ వరసగా వదులు చేయకుండా ఆ కొన్నింటిని మాత్రమే విప్పితే హెడ్ వంకరపోయి గాస్కెట్ పోతుంది. ట్యాపెట్ పైకి రాకుండా మొరాయిస్తే దాని అడుగు అంచు చితికి పుట్టగొడుగులా విచ్చుకుందని అర్థం. బలవంతంగా లాగితే అది కూర్చునే బోరు గీసుకుపోతుంది. అలాంటప్పుడు ఇంజన్ దించి తలకిందులు చేయాల్సిందే.

ట్యాపెట్ అడుగు తుడిచి వెలుతురులో వాలుగా పట్టి చూడండి. గ్రామఫోన్ రికార్డు మీదలాగా చుట్లు చుట్లుగా సన్న గీతలు ఉంటే అది బాగా తిరిగిన ట్యాపెట్. అడ్డంగా ఒకే పట్టీ, గాడిలాగా ఉంటే అది తిరగలేదు. ఎంత మంచి ఆయిల్ పోసినా తిరగని ట్యాపెట్‌ను ఎక్కువ కాలం కాపాడలేదు. సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, పెచ్చులు ఉంటే లోహం అలసిపోయి ఊడిందన్నమాట. ఒత్తిడి మరీ ఎక్కువైనా, పోతలో లోపమున్నా అలా జరుగుతుంది. ఇంకో పరీక్షకు ఏ గేజూ అక్కర్లేదు. రెండు ట్యాపెట్లను అడుగు అడుగు కలిపి పట్టుకుంటే, ఉబ్బెత్తు అడుగున్నవి కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఊగకుండా అతుక్కుపోయినట్టు కూర్చుంటే అడుగు చదునైపోయింది. స్టీల్ స్కేలు అంచు పెట్టి చూస్తే మధ్యలోంచి వెలుతురు కనిపించిందా, గుంట పడింది. ఈ పరీక్ష కొత్త ట్యాపెట్లకు, పెట్టె విప్పిన రోజే, బిగించకముందు చేస్తే ఇంకా మేలు.

ఎన్ని పోయాయి, ఏవి పోయాయి అన్నది తర్వాతి ప్రశ్న. ఒక్కటే పోయి మిగతా ఏడూ నిగనిగలాడుతుంటే ఆయిల్ మీద నేరం మోపడం కష్టం. ఎనిమిదింటి మీదా పడింది ఒకే ఆయిల్ కదా. ఆ ఒక్క ట్యాపెట్ బోరు చూడాలి. పాత వార్నిష్, తుప్పు, బ్లాకు శుభ్రం చేసేటప్పుడు పడిన గంటు, ఏదైనా దాన్ని తిరగనివ్వకుండా పట్టి ఉండొచ్చు. బిగించేటప్పుడు ఆయిల్ రాసిన ట్యాపెట్ తన బరువుకు తానే బోరులోకి జారాలి, వేళ్లతో సులువుగా తిరగాలి. అలా తిరగకపోతే అక్కడే ఆగాలి. ఎనిమిదీ అంతో ఇంతో అరిగి ఉంటే అప్పుడు అందరికీ ఉమ్మడి కారణం వెతకాలి. మొదటి స్టార్ట్ ఎలా జరిగింది, స్ప్రింగులు ఏవి, క్యామ్ కొత్తదా సాన పట్టిందా, చివరగా ఆయిల్.

ఇందులో మొదటి స్టార్ట్‌కు ఇవ్వాల్సినంత విలువ మన దగ్గర ఇవ్వరు. ఇంజన్ బిగించారు, కొబ్బరికాయ కొట్టారు, సెల్ఫ్ కొట్టారు. అందుకోలేదు. డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తప్పు పెట్టారని పది నిమిషాల తర్వాత తెలిసింది. ఈలోపు సెల్ఫ్ కొట్టీ కొట్టీ బిగించేటప్పుడు లోబ్‌లు అరగకుండా రాసిన పేస్టు కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. చివరికి అందుకోగానే అందరికీ ఆనందం. సన్నగా ఐడ్లింగ్‌లో పెట్టి ఆ చప్పుడు వింటూ, కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ, ఫోన్లో వీడియో తీస్తూ అరగంట గడిపేస్తారు. క్యామ్ ప్రాణం పోయేది సరిగ్గా ఆ అరగంటలో.

ఐడ్లింగ్‌లో బండి కష్టపడటం లేదు కదా అనిపిస్తుంది. లోబ్ ముక్కు దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. వేగం పెరిగినకొద్దీ వాల్వ్, రాకర్, పుష్‌రాడ్ పైకి లేచిన ఊపులో కొంత తేలికవుతాయి, ముక్కు మీద భారం తగ్గుతుంది. వేగం తగ్గితే స్ప్రింగ్ బలమంతా ముక్కు మీదే. పైగా ఈ ఇంజన్లలో లోబ్‌లకు నూనె పైపులేమీ ఉండవు, క్రాంక్ తిరుగుతూ చిమ్మేది, పైనుంచి కారేదే ఆధారం. నెమ్మదిగా తిరిగే క్రాంక్ పెద్దగా చిమ్మదు. అందుకే కొత్త క్యామ్‌తో ఇంజన్ అందుకున్న క్షణం నుంచి 2000–2500 ఆర్‌పీఎమ్ మధ్య, వేగం కాస్త మారుస్తూ, 20–30 నిమిషాలు నడపాలి. 2000 దగ్గర 20 నిమిషాలంటే క్యామ్ నిమిషానికి వెయ్యి చుట్లు, ప్రతి లోబ్ తన ట్యాపెట్ కింద నుంచి 20,000 సార్లు వెళ్తుంది. రెండూ ఒకదానికొకటి అలవాటు పడి, పైపొర బిగుసుకునేది అప్పుడే. ట్యాంకులో పెట్రోల్, కార్బురేటర్‌లో పెట్రోల్, రేడియేటర్‌లో నీళ్లు, టైమింగ్ ముందే సరి చూసుకోవాలి. ప్లగ్గులు తీసేసి, స్ప్రింగుల భారం తక్కువుండేలా రాకర్ షాఫ్ట్ బిగించకముందే ప్రెషర్ గేజ్ లేచేదాకా పంపుకు ఆయిల్ అందించాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నిలబెట్టిన బండిని అంతసేపు రేస్ చేస్తే నీళ్లు మరుగుతాయి కాబట్టి, పెళ్లిళ్లలో పెట్టే పెద్ద పెడస్టల్ ఫ్యాన్ ఒకటి రేడియేటర్ ముందు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఏదైనా లీకు కనిపిస్తే ఐడ్లింగ్‌లో పెట్టి వెతకొద్దు. ఇంజన్ ఆపేసి, సరిచేసి, మళ్లీ నేరుగా 2000కే తీసుకెళ్లాలి. ఇంజన్ బిగించి, బాడీ పెయింటింగ్ కోసం ఆరు నెలలు మూల పెట్టిన బండ్లలో ఆ పేస్టు కిందికి కారిపోయి, లోబ్‌ల మీద తుప్పు మచ్చ పట్టడమూ ఉంటుంది.

సాన పట్టించిన క్యామ్ మన దేశంలో పెద్ద అధ్యాయం. కొత్తది దొరక్కో, ఖరీదు ఎక్కువనో పాతదాన్నే గ్రైండింగ్ చేయిస్తారు. పని తెలిసిన చేతిలో అది తప్పేం కాదు. కానీ లోబ్ పైన చిల్ చేసిన, అంటే పోతలోనే త్వరగా చల్లార్చిన, గట్టి పొర మందం పరిమితం, లోతుగా తీస్తే అది పోతుంది. లోబ్‌కు ఉండాల్సిన వాలు కూడా సాన రాయిని నిటారుగా పెట్టి తీస్తే మాయమవుతుంది. ఆ వాలు పోయిందంటే ట్యాపెట్‌ను తిప్పే శక్తిలో ఒక భాగం పోయినట్టే. బయటికి వచ్చిన క్యామ్ అద్దంలా మెరుస్తుంది, చూసి మురిసిపోతారు. పాత ట్యాపెట్లకు లేత్ మీద ఫేసింగ్ కొట్టించడం అంతకంటే పెద్ద పొరపాటు. ఉబ్బు పోయి అడుగు నిజంగానే ఫ్లాట్ అవుతుంది. పాత ట్యాపెట్లను కొత్త క్యామ్ మీద పెట్టకూడదన్నది పెట్టుకోవాల్సిన మొదటి నియమం. పాత క్యామ్, పాత ట్యాపెట్లు కలిపి వాడుకోవచ్చు, ఏది ఎక్కడ ఉందో అక్కడే పెడితే.

స్ప్రింగుల సంగతి తక్కువ మాటల్లో అయిపోతుంది. హెడ్‌కు కొత్త సీట్లు వేసి లోతుగా కట్ చేసినప్పుడు వాల్వ్ పైకి లేస్తుంది, స్ప్రింగ్ వదులవుతుంది. దాన్ని సరిచేయడానికి కింద వాషర్లు పెడతారు. ఒకటి ఎక్కువైతే వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి. అక్కడ ఇక సాగేది ఏమీ లేదు, దెబ్బంతా లోబ్ ముక్కుకే. వాల్వ్ పూర్తిగా తెరిచి, చుట్ల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆయిల్. దీని మీద ఉన్న భయానికి ఆధారం లేకపోలేదు. ఇనుము ఇనుమును తాకే చోట కాపాడేది జింక్, ఫాస్ఫరస్ ఉన్న జడ్‌డీడీపీ అనే మందు. వేడికి, ఒత్తిడికి అది లోహం మీద పలచటి పొరగా ఏర్పడి, తాను అరుగుతూ లోహాన్ని కాపాడుతుంది. అయితే ఫాస్ఫరస్ పొగతో పాటు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే కన్వర్టర్ ఉన్న కార్ల కోసం దాన్ని తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన అమెరికా ఆయిల్ ప్రమాణం ఏపీఐ ఎస్ఎమ్‌లో పలచటి గ్రేడ్లకు ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదని పెట్టారు. ఇక్కడ చాలామంది వదిలేసే మాట ఒకటుంది: ఆ పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్లకే. పాత కార్లలో పోసే 20డబ్ల్యూ-50 దాని కిందికి రాదు. బైక్ ఆయిళ్లకు జపాన్ పెట్టిన జాసో ప్రమాణంలో అయితే ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలి. అంటే పొరుగువాడి కొత్త కారులో పోసిన పలచటి సింథటిక్ ఆయిల్‌ను, ఖరీదైనది కదా అని అంబాసిడర్‌లో పోయడమే అసలు తప్పు. మంచి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్‌తో, అలవాటు పడిన క్యామ్‌కు ప్రమాదం తక్కువ. తొలి అరగంటకు మాత్రం జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయడం తెలివైన పని. సీసాలు సీసాలు అడిటివ్ కలపడం మాత్రం కాదు, మోతాదు మించితే అదీ మేలు చేయదు.

అన్ని ఇంజన్లకూ ఇదే వరస పనికిరాదు కూడా. క్యామ్ హెడ్ మీద ఉండే ఫోర్డ్ పింటో ఇంజన్‌లో లోబ్‌ల మీద ఆయిల్ చిమ్మే సన్నటి పైపు ఉంటుంది. దాని రంధ్రాలు మడ్డితో పూడుకుపోవడం యూరప్ మెకానిక్కులకు బాగా తెలిసిన రోగం. అక్కడ మొదట చూడాల్సింది ఆ పైపునే.

కారణం దొరికాక క్యామ్ మార్చేసి మూత పెట్టేయాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. అరిగిన ఇనుము ఎక్కడికి పోయిందో ఆలోచించాలి. ఆయిల్ చాంబర్ డ్రెయిన్ ప్లగ్ దగ్గర అయస్కాంతం పెడితే బూడిద రంగు పేస్టు అంటుకుంటుంది. ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే వెండి పొడి మెరుస్తుంది. పంపుకు, చాంబర్‌కు మధ్య ఉన్నది జాలీ మాత్రమే, ఫిల్టర్ పంపు తర్వాత వస్తుంది. అంటే ఆ పొడంతా మొదట పంపు గుండానే వెళ్లింది. పంపు విప్పి గీతలు చూడాలి, బేరింగ్ ఒకటైనా తెరిచి చూడాలి, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు తీసి బ్రష్‌తో కడగాలి. ఖర్చు చూసి చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. మరో మూడు నెలలకు బేరింగులు అరిచేదీ వాళ్ల బండ్లలోనే.

మళ్లీ బిగించి, ఆ అరగంట రేస్ అయ్యాక వేడి మీదే ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, డ్రెయిన్ ప్లగ్ తుడిచి చూడాలి. కొద్దిగా నల్లటి మెత్తని పొడి మామూలే, పలుకులు తగలకూడదు. ఇంజన్ చల్లారాక గ్యాప్‌లు సెట్ చేయాలి. దానికి తొమ్మిది లెక్క ఉంది: 1వ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 8వది, 3వది తెరిచినప్పుడు 6వది, ఏ జత కలిపినా తొమ్మిది. సెట్ చేసిన ఎనిమిది అంకెలూ ఒక కాగితం మీద రాసి తేదీ వేసి ఉంచుకోవాలి. 200 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి, స్క్రూ తిప్పకుండా కొలిచి పక్కన రాయాలి. అన్నీ కలిసి ఒకటి రెండు థౌ కదిలితే అది సర్దుబాటు. ఒక్క వాల్వే నాలుగైదు థౌ కదిలితే, చప్పుడు ఇంకా రాకపోయినా, పక్క మూత విప్పి ఆ ఒక్క ట్యాపెట్‌ను బయటికి తీయాలి.